హిల్డా దొడ్డి దాటిన దారి

కోల్డ్ ఫోర్క్, అయోవా
28 సెప్టెంబరు 1958, ఆదివారం

ఒరే లైల్,

ఇక్కడ పందులు క్షేమం. నేనూ క్షేమం. మీ సంగతి నువ్వు రాయకపోయినా పేపరువాడు ఫోటోతో సహా వేశాడు. బ్రాకెట్ ఊళ్ళో మీ ఇల్లు, ముంగిట గడ్డి, గడ్డి నిండా "ఈ ఇల్లు అమ్మబడును" అని బోర్డులు. ఒక్క ఇల్లు అమ్మడానికి అన్ని బోర్డులెందుకురా? ఒకటి పాతితే చాలదూ? పైగా అదంతా మంచి పైన్ చెక్కలా ఉంది.

ఇల్లు అమ్ముతున్నానని మేనమామకి ఒక ముక్క రాయడానికి నీ చేతులేమైనా పడిపోయాయా? నేను బడికి వెళ్ళింది మంచు పడే నెలల్లోనే, అదీ నాలుగేళ్ళే. అయినా రాస్తున్నానా లేదా? నువ్వు కాలేజీ చదివావు.

ఇది ఎన్నో ఊరు నీకు? మొదటి ఊళ్ళో ఆటగాళ్ళకి నీళ్ళ బకెట్లు మోశావు. తరవాత చిన్న కోచ్ కింద ఇంకా చిన్న కోచ్‌వి అయ్యావు. ఆ తరవాత ఎక్కడెక్కడ తిరిగావో నాకు గుర్తు లేదు, తపాలా వాడికి తెలుసు. పోయిన చలికాలం "మావయ్యా, బ్రాకెట్ కాలేజీలో పెద్ద కోచ్‌నయ్యాను" అని రాశావు. ఆ ఉత్తరం మీద సిరా ఇంకా ఆరలేదు. అప్పుడే ఇల్లు అమ్ముతున్నావు. ఫుట్‌బాల్ అని పేరు పెట్టి, బంతిని చంకలో పెట్టుకు పరిగెత్తుతూ పదకొండు మంది మరో పదకొండు మంది మీద పడి దొర్లడం కూడా ఒక బతుకుతెరువేనా? పందుల పెంపకంలో ఈ గొడవ లేదు. ఎవడి పంది వాడి దొడ్లోనే ఉంటుంది. ఈ వారం హిల్డా బయటపడింది, అది వేరే సంగతి.

ఇంకో మాట. నీ పెళ్ళికి ఆర్డిస్ చేతిలో నీలం పూల పళ్ళేలు పెట్టాను. మా అమ్మ నార్వే నుంచి ఓడలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చినవి. మీ ఇంటికి ఎప్పుడొచ్చినా రేకు పళ్ళెంలోనే పెట్టారు. ఊరికే అడుగుతున్నాను.

మీ అమ్మకి అన్న, నీకు మేనమామ,
హాల్వర్ నెస్బీ


బ్రాకెట్
1 అక్టోబరు 1958

మావయ్యా,

ఇల్లు అమ్మడం లేదు. ఆ బోర్డులు నేను పాతినవి కావు. మూడు ఆటలు వరసగా ఓడిపోయాం, దాంతో ఊరివాళ్ళు పాతారు. ఇక్కడ అదొక ఆనవాయితీ. కోచ్ ఓడితే తెల్లారేసరికి అతని ముంగిట అమ్మకం బోర్డులు మొలుస్తాయి. "ఇక మూటా ముల్లే సర్దుకో" అని చెప్పే పద్ధతి. పొద్దున పాలవాడు వచ్చి, "కోచ్ గారూ, పెరడు కూడా ఇంటితో పాటేనా?" అని అడిగాడు. వాడూ ఒకటి పాతాడని నాకు తెలుసు, రాత వాడిదే.

కాలేజీ ప్రెసిడెంటు పిలిచి కాఫీ ఇచ్చారు. ఇక్కడ కాఫీ ఇస్తే భయపడాలి. "లైల్, సీజను చివర సెయింట్ ఎల్డ్రెడ్ కాలేజీ వాళ్ళని ఓడిస్తే నువ్వు ఉంటావు. లేకపోతే ఆ బోర్డులు నిజం చేసుకో" అన్నారు. పోయిన పద్దెనిమిదేళ్ళలో వాళ్ళని బ్రాకెట్ ఒక్కసారీ ఓడించలేదు.

పళ్ళేలు పెట్టెలో భద్రంగా ఉన్నాయి. ఆర్డిస్ నమస్కారాలు చెప్పమంది.

హిల్డా ఎలా బయటపడింది? ఆ దొడ్డి దడి నా ఛాతీ ఎత్తు ఉంటుంది కదా.

నీ లైల్


కోల్డ్ ఫోర్క్
6 అక్టోబరు 1958

లైల్,

పెట్టెలోనా! మా అమ్మ సముద్రం దాటించింది పెట్టెలో పెట్టుకోవడానికా? నచ్చకపోతే నచ్చలేదని చెప్పండి. నేను మొహం మీద చెబుతాను, మొహం మీద వింటాను. నెస్బీ వాళ్ళం అలాంటి వాళ్ళం.

ఆ బోర్డులు పారెయ్యకు. రైలులో వేసి పంపు. దొడ్డి దడికి దక్షిణం వైపు చెక్కలు పుచ్చిపోయాయి.

నీ ఆట గురించి నాకు సలహా తెలియదు, అడగకు. హిల్డా సంగతి అడిగావు కాబట్టి చెబుతున్నాను. నేను చేతకాక వదిలానని ఎవడైనా అంటే వాడి పళ్ళు రాలగొడతాను.

ఆ రోజు పందులకి సూది వెయ్యడానికి పశువుల డాక్టరు వచ్చాడు. పక్క పొలం క్లారెన్స్ పట్టుకోవడానికి వచ్చాడు. మా పోతుపంది డీకన్ నీకు తెలుసు. దానికి సూది చూపిస్తే చాలు, చర్చిలో అగ్గి పుట్టినట్టు అరుస్తుంది. అది అరుచుకుంటూ ఎడమ మూలకి ఉరికింది. డాక్టరు దాని వెనక, క్లారెన్స్ డాక్టరు వెనక, నేను క్లారెన్స్ వెనక. మిగతా పందులన్నీ కూడా ఏమిటో చూద్దామని అటే. ఆ గోలలో హిల్డా కుడి పక్క తలుపు దగ్గరకి వెళ్ళింది. పరిగెత్తలేదురా! ఆదివారం ప్రార్థన అయ్యాక ముసలమ్మ ఇంటికి పోయినట్టు, తల దించుకుని, దేనికీ తొందర లేనట్టు, గడియ మూతితో ఎత్తి నడిచి వెళ్ళిపోయింది. మేం తిరిగి చూసేసరికి క్లారెన్స్ మొక్కజొన్న చేలో తింటోంది.

క్లారెన్స్ ఏమన్నాడో తెలుసా? "హాల్వర్, నీ పందికి నీకన్నా బుర్ర ఎక్కువ" అన్నాడు. వాడితో మాటలు మానేశాను. నిన్న మళ్ళీ మొదలుపెట్టాను, వాడి రంపం కావలసి వచ్చింది.

హాల్వర్ నెస్బీ


బ్రాకెట్
12 అక్టోబరు 1958, ఆదివారం

మావయ్యా! మావయ్యా! మావయ్యా!

గెలిచాం!

నీ ఉత్తరం గురువారం అందింది. ప్రాక్టీసులో కుర్రాళ్ళు పీనుగుల్లా కూలబడి ఉన్నారు. వాళ్ళని నవ్విద్దామని హిల్డా కథ చదివి వినిపించాను. అందరూ పడీ పడీ నవ్వారు. నవ్వి నవ్వి లేచేసరికి నా చేతిలో సుద్దముక్క ఉంది. బోర్డు మీద డీకన్‌ని గీశాను, డాక్టరుని గీశాను, క్లారెన్స్‌ని గీశాను, తలుపు గీశాను.

నిన్న ఆట మధ్యలో ఆ ఎత్తు వేశాం. మావాళ్ళలో గొంతు పెద్దదున్న వాణ్ణి డీకన్ చేశాను. వాడు చేతుల్లో బంతి ఉన్నట్టు పొట్ట పట్టుకుని, కొంపలంటుకున్నట్టు కేకలేస్తూ ఎడమకి పరిగెత్తాడు. అవతలివాళ్ళు పదకొండు మందీ వాడి మీద పడ్డారు. అసలు బంతి ఉన్నవాడు కుడి పక్కన తల దించుకుని నడుస్తున్నాడు. నడుస్తున్నాడు, మావయ్యా! మైదానం చివర గీత దాటేదాకా నడిచాడు, అది దాటితే ఆరు పాయింట్లు. దాటాక వెనక్కి తిరిగి, "అయ్యా, నన్ను ఎవరూ పట్టుకోరా?" అన్నాడు.

రేడియో వాడు వచ్చి ఆ ఎత్తుకి పేరేమిటని అడిగాడు. "హిల్డా" అన్నాను. ఎవరా హిల్డా అన్నాడు. గర్వంగా చెప్పాను, "కోల్డ్ ఫోర్క్‌లో మా మేనమామ హాల్వర్ నెస్బీ గారి పంది" అని. రాష్ట్రమంతా విన్నారు!

బోర్డులు రైల్లో వేశాను. ఈ వారం కొత్తవి ఎవరూ పాతలేదు.

ఆనందంతో,
లైల్


కోల్డ్ ఫోర్క్
16 అక్టోబరు 1958

లైల్ బ్రెక్కె గారికి,

మీరు చేసిన నిర్వాకం ఇక్కడ అందరూ విన్నారు.

పొద్దున ఎడ్నా కాఫీ హోటల్లో అడుగు పెట్టాను. ఊరంతా అక్కడే ఉంది. "ఏం హాల్వర్, హిల్డా ఇంట్లోనే ఉందా, ఊరెళ్ళిందా?" అని ఒకడు. "తలుపు వేసి వచ్చావా?" అని ఇంకొకడు. ఎడ్నా కాఫీ పోస్తూ, "తాతా, కుడి పక్క నుంచి వెళ్ళిపోకు, డబ్బులిచ్చి వెళ్ళు" అంది. క్లారెన్స్ అయితే కుర్చీ ఎక్కి డీకన్‌లా అరిచి చూపించాడు. మంగలి షాపులో ఒకడు నురగ పూసిన మొహంతో వాకిట్లోకి వచ్చి మరీ నవ్వాడు.

యాభై ఏళ్ళు పందులు పెంచాను. నా పంది తప్పించుకుందని నేను నీ చెవిలో చెబితే నువ్వు అయోవా మొత్తానికి చెప్పావు. నెస్బీ వాళ్ళ పరువు రేడియోలో పెట్టి ఊదావు.

బోర్డులు వచ్చాయి. దడికి కొట్టాను. రాసిన వైపు రోడ్డుకి పెట్టి కొట్టాను, ఎందుకంటే వెనక వైపు మేకులున్నాయి. నిన్న కారులోంచి ఒక జంట దిగి పొలం ఎంతకిస్తారని అడిగారు. పొమ్మన్నాను.

ఇక మీదట నా పందుల కబుర్లు నీకు రావు.

ఇక్కడ చలి మొదలైంది.

హెచ్. నెస్బీ


బ్రాకెట్
9 నవంబరు 1958, ఆదివారం

మావయ్యా,

నాలుగు ఉత్తరాలు రాశాను. జవాబుగా "ఇక్కడ వాన", "ఇక్కడ గాలి" అని కార్డులు పంపావు. నువ్వు కోపం తెచ్చుకున్నావని తెలుస్తోంది. వాతావరణం కూడా తెలుస్తోంది.

నిన్ను చూసి ఇక్కడ ఎవరూ నవ్వడం లేదు. శనివారాలు స్టేడియంలో జనం అట్టతో చేసిన పంది చెవులు పెట్టుకుని వస్తున్నారు. ప్రొఫెసర్లు, పాస్టరు గారి భార్య, మా పాలవాడు, అందరూ. ఎవరైనా నవ్వితే ఆనందంతో నవ్వుతున్నారు. కోల్డ్ ఫోర్క్ వాళ్ళు నవ్వితే కుళ్ళుతో నవ్వుతున్నారు. వాళ్ళ పందుల గురించి రేడియోలో ఎవరు చెప్పారు?

కానీ ఇప్పుడు చిక్కొచ్చింది. హిల్డా ఎత్తు పాతబడిపోయింది. పోయిన వారం మావాడు ఎడమకి అరుచుకుంటూ పోతుంటే అవతలివాళ్ళు అందరూ కుడి పక్కన కాసుకుని కూచున్నారు. నిన్నా అంతే. రెండూ ఓడాం. మళ్ళీ బోర్డులు మొలిచాయి. సెయింట్ ఎల్డ్రెడ్ వాళ్ళయితే నెల నుంచి హిల్డాని పట్టుకోవడమే సాధన చేస్తున్నారట. మిగిలింది ఆ ఒక్క ఆటే, 22న. ఓడితే ఏడో ఊరు.

నీకు ఒక నిజం చెప్పాలి, ఆర్డిస్ వద్దంది. పళ్ళేలు నచ్చక పెట్టెలో పెట్టలేదు. మూడో ఊరికి మారినప్పుడు లారీలో ఒకటి పగిలింది. ఆ రోజు ఆర్డిస్ రోడ్డు పక్కన కూచుని ఏడ్చింది. "ఇక మనం కదలని ఇల్లు వచ్చేదాకా ఈ పెట్టె విప్పను. మావయ్య గారికి చెప్పకు, నన్ను అజాగ్రత్త మనిషి అనుకుంటారు" అంది. అప్పటి నుంచి రేకు పళ్ళేలే. ఇవాళ పొద్దున వంటింట్లో పాత పేపర్లు మడిచి దొంతర పెడుతోంది. గిన్నెలు చుట్టడానికని నాకు తెలుసు.

మావయ్యా, హిల్డా మళ్ళీ ఏమైనా చేసిందా?

లైల్


కోల్డ్ ఫోర్క్
13 నవంబరు 1958

ఒరే వెధవా,

ఇది ముందే చెప్పడానికేం? ఒక పళ్ళెం పగిలితే పగిలింది. మా అమ్మే ఒకటి మా నాన్న మీదికి విసిరి పగలగొట్టింది, అది ఓడలో కాదు, ఇక్కడే, ఈ వంటింట్లోనే. మీ అమ్మ సెల్మాకి తెలుసు, నీకు చెప్పలేదన్నమాట. ఆర్డిస్‌కి చెప్పు, పగలగొట్టిన వాళ్ళలో తను రెండోది, మొదటిది ఇంకా గట్టిది. ఆ పాత పేపర్లు పొయ్యిలో వెయ్యమను.

నేను అలగలేదు. ఇక్కడ నిజంగానే వాన పడింది, గాలి కూడా వచ్చింది.

ఇప్పుడు చెప్పేది నీ ఆట కోసం కాదు. ఊరికే చెబుతున్నాను. నీ బోర్డులు కొట్టాక ఇక హిల్డా ఎలా పోతుందో చూద్దామని క్లారెన్స్, నేను కాపలా కూచున్నాం. తలుపు దగ్గర కూచున్నాం, కుడి పక్కనే. రేడియో పంది కదా, దాన్ని చూడ్డానికి జనం కూడా వస్తున్నారు. అందరి కళ్ళూ దాని మీదే. అదేం చేసింది? నడిచి వచ్చి, సరిగ్గా తలుపు మధ్యలో, పెద్ద నిట్టూర్పు విడిచి, పడుకుంది. కొండ కూలినట్టు. తలుపు వెయ్యడానికి లేదు, తియ్యడానికి లేదు. క్లారెన్స్ చెవులు పట్టి లాగాడు. నేను వెనక నుంచి తోశాను. చూడ్డానికి వచ్చిన షాపు అతను కోటు విప్పి మరీ కాళ్ళు పట్టాడు. దాని మీద మేం, ఒకడి మీద ఒకడం. ఇంతలో దాని పిల్లల్లో అన్నిటికన్నా చిన్నది, మేం పేరు కూడా పెట్టనిది, తల్లి పొట్టని ఆనుకుని నక్కి వచ్చి, షాపు అతని కాళ్ళ మధ్య నుంచి దూరి వెళ్ళిపోయింది. ఎవడూ చూడలేదు. చూసేదెవడు? హిల్డా ఉండగా పిల్లని ఎవడు చూస్తాడు?

పట్టుకునేసరికి క్లారెన్స్ చేనే. ఈసారి వాడు నా బుర్ర సంగతి ఎత్తలేదు, చెవులు లాగింది వాడే కాబట్టి.

రేడియోలో నా పేరు ఎత్తావంటే ఊరుకోను. ఎత్తితే మాత్రం, జిల్లాలో ఇంత బలిసిన పందులు ఇంకెవరికీ లేవని కూడా చెప్పు.

మావయ్య


బ్రాకెట్
23 నవంబరు 1958, ఆదివారం

మావయ్యా,

గొంతు లేదు, తల మీద టోపీ లేదు. నిన్న జనం నన్ను భుజాల మీద ఎత్తుకుని మోస్తూ మోస్తూ తీసుకెళ్ళి కాలేజీ ఫౌంటెన్‌లో పడేశారు. ప్రేమతో.

చివరి నిమిషం. నాలుగు పాయింట్లు వెనకబడి ఉన్నాం. గీత కొంచెం దూరంలో ఉంది. నేను పక్క నుంచి నోటికి చేతులు అడ్డం పెట్టి, స్టేడియమంతా వినబడేలా "హిల్డా!" అని అరిచాను. జనం చెవులు ఊపారు. సెయింట్ ఎల్డ్రెడ్ వాళ్ళ కోచ్ "కుడి పక్క! కుడి పక్క!" అని గంతులేశాడు.

మావాళ్ళలో బ్యోర్క్ అని ఒక కొండలాంటి వాడున్నాడు. వాడు ఇద్దర్ని వాటేసుకుని, నిట్టూర్చి, మధ్యలో కూలబడ్డాడు. నిజంగా నిట్టూర్చాడు, మావయ్యా, నీ ఉత్తరంలో ఉన్నట్టే. వాడి మీద అందరూ. మిగిలినవాళ్ళు కుడి పక్కన ఖాళీ గడ్డిని కాపలా కాస్తున్నారు. మా జట్టులో అందరికన్నా పొట్టివాడు బంతి కడుపు కింద దాచుకుని, బ్యోర్క్ పొట్టని ఆనుకుని పాకి, ఎవడి కాళ్ళ మధ్య నుంచో గీత అవతల తేలాడు. బంతి ఎక్కడుందో రిఫరీకి కూడా తెలియలేదు. వాడే చెయ్యెత్తి, "ఇదుగోనండీ" అన్నాడు.

తరవాత గెలిచినప్పటి ఆనవాయితీగా జనం గోల్ స్తంభాలు ఊడబెరికారు. బ్యాండు వాళ్ళు వాయిస్తూనే పరిగెత్తారు. ఇక్కడిదాకా నాకు అర్థమైంది. కానీ ఆ జనంలో ఒక పంది ఉంది, మావయ్యా. నిజం పంది. మైదానం మధ్యలో తల దించుకుని, తొందర లేకుండా నడుస్తోంది. ప్రెసిడెంటు గారు నాకు చెయ్యి ఇవ్వడానికి వస్తుంటే ఆయన కింద పడ్డ టోపీ తిన్నది. ఆయన చూసి, "ఇది ఆవిడేనా?" అన్నారు. అవునన్నాను. "నువ్వు ఐదేళ్ళు ఉండు లైల్. ఆవిణ్ణి మాత్రం ఇంటికి పంపు" అన్నారు.

తిరిగి చూస్తే పంది లేదు. ఎవరో ముసలాయన పాత లారీలో ఎక్కించుకుని పోయాడన్నారు. నువ్వు జన్మలో ఫుట్‌బాల్ చూడనన్నావు కదా?

గురువారం పండగ భోజనానికి రావాలి. ఆర్డిస్ ఇవాళ పొద్దున నుంచి ఒక పెట్టె ముందు కూచుని తాళ్ళు కోస్తోంది. కోస్తూ పాడుతోంది.

లైల్


కోల్డ్ ఫోర్క్
25 నవంబరు 1958

లైల్,

నేను ఆటకి రాలేదు. నీ బోర్డులు తిరిగి ఇద్దామని వచ్చాను. పొలం అమ్ముతారా అని దారిన పోయే ప్రతివాడూ గొడవ. హిల్డాని లారీలో ఎందుకు తెచ్చానంటావా, నేను ఇంట్లో లేకపోతే అదీ ఉండదు, అందుకని.

స్టేడియం పక్కన బండి ఆపాను. చెవులు పెట్టుకున్న ఒక అమ్మాయి తొంగి చూసి, "అమ్మో, హిల్డా!" అని కేక పెట్టింది. అంతే. నన్ను ఎత్తుకుపోయి అన్నిటికన్నా ముందు వరసలో కూచోబెట్టారు. దడి కట్టినట్టు కూచున్నారు చుట్టూ, లేవడానికి లేదు. కాబట్టి చూడవలసి వచ్చింది. నేను అరిచానని ఎవరైనా చెబితే నమ్మకు. దగ్గాను. పక్కవాడి టోపీ నేను నలపలేదు, నా చేతిలో ఉండగా అదే నలిగింది. చివర ఆ పొట్టివాడు పైకి లేచినప్పుడు, "అది నా పందిపిల్లరా!" అని ఎవరో అన్నారు. గొంతు నాదిలాగే ఉంది.

ఆ గోలలో హిల్డా లారీ గడియ కూడా మూతితో ఎత్తేసింది. ప్రెసిడెంటు టోపీకి నేను జవాబుదారీ కాదు. టోపీ నేల మీద పడేసేవాడిది తప్పు.

ఊడబెరికిన స్తంభాల్లో అడ్డకర్రని కుర్రాళ్ళు నా లారీలో వేశారు. దొంగసొత్తు నాకొద్దని నా చేతికర్ర ఎత్తాను. ఆ చెవుల అమ్మాయి నా బుగ్గ మీద ముద్దు పెట్టి, "ఇది మీ ఇంటిదే తాతా" అంది. ఏం చేస్తాం, తెచ్చాను. మంచి దిట్టమైన కర్ర, తెల్ల రంగు. దొడ్డి తలుపుకి అడ్డంగా బిగించాను. పొద్దున ఎడ్నా హోటల్ మొత్తం చూడ్డానికి వచ్చింది. క్లారెన్స్ టోపీ తీసి పట్టుకుని చూశాడు. "హాల్వర్, దీన్ని మాత్రం అది దాటలేదు" అన్నాడు.

గురువారం వస్తున్నాను. బంగాళదుంప రొట్టెలు నేనే చేసి తెస్తాను, ఆర్డిస్‌వి మందంగా ఉంటాయి. చెప్పకు. పళ్ళేలు ఎన్నుంటే అన్నీ బల్ల మీద పెట్టమను. పగిలినదాని ముక్కలు దాచి ఉంటే అవి కూడా, నేను జిగురు తెస్తున్నాను.

మధ్యాహ్నం హిల్డా ఆ అడ్డకర్ర కూడా దాటింది. నేనూ క్లారెన్స్ చూస్తుండగానే. ఎలాగో ఉత్తరంలో రాయను, తపాలా వాళ్ళని నమ్మను. నీలం పళ్ళెం నా ముందు పెట్టాక చెబుతాను.

సుద్దముక్క దగ్గర పెట్టుకో.

మావయ్య